రేకుల షెడ్డు గోడకు ఆనేచోట కురుస్తుంటే: ఫ్లాషింగ్ పట్టీ వేసుకునే పద్ధతి

వంటింటి వెనక వసారాకో, డాబా మీది గదికో రేకులు దించుకున్న ఇళ్ళల్లో వానాకాలం రాగానే అడిగేది ఒకటే: "రేకులు బాగానే ఉన్నయి. గోడ వెంబడి మాత్రం నీళ్ళు కారుతున్నయి. పోయినేడే సిమెంటు పూయించినం, మళ్ళెందుకు కారుతోంది?" హన్మకొండ, కాజీపేట నుంచి పరకాల, జనగామ, మంచిర్యాల దాకా అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్న మారదు.

సిమెంటు పూసినందుకే కారుతోంది. గోడ కదలదు, రేకు కదులుతుంది. 20 అడుగుల ఇనుప రేకుల వరస జనవరి తెల్లవారుజాము చలికీ మే నెల మధ్యాహ్నపు ఎండకీ మధ్య మూడున్నర మిల్లీమీటర్ల దాకా సాగి ముడుచుకుంటుంది. అదే పొడవు అల్యూమినియం అయితే ఏడు మిల్లీమీటర్లు. ఈదురుగాలికి అదరడం దీనికి అదనం. కదిలేదాన్నీ కదలనిదాన్నీ సిమెంటుతో కలిపి బిగిస్తే మొదటి ఎండాకాలానికే వెంట్రుకవాసి పగులు వస్తుంది. ఆ సన్నటి పగులే నీటిని పట్టుకుని లోపలికి లాగుతుంది.

అందుకని సందును అతికించే ఆలోచన మానుకోండి. గోడలోంచి ఒక రేకు పట్టీ బయటికి వచ్చి, షెడ్డు రేకు మీద చూరులా కప్పి, నీటిని అవతలికి దించాలి. దీన్నే ఫ్లాషింగ్ పట్టీ అంటారు. ఆ పట్టీ గోడవైపు బిగుతుగా ఉండాలి, రేకువైపు జరగడానికి వీలుగా ఉండాలి. కింద చెప్పే ప్రతి కొలతా ఈ ఒక్క సూత్రం నుంచే వచ్చింది.

ఇంగ్లండు లాంటి దేశాల్లో ఈ పనికి తరతరాలుగా సీసం రేకు వాడుతున్నారు. మెత్తగా ఉండి ఏ ఒంపుకైనా ఒదుగుతుంది, దశాబ్దాలు నిలుస్తుంది. అక్కడ ఎక్కువగా వాడే 1.8 మిల్లీమీటర్ల సీసం రేకు చదరపు మీటరుకు 20 కిలోల బరువు. మనకు అది వద్దు. సీసం విషం, పైకప్పు నీళ్ళు తొట్టిలోకి, ఇంకుడు గుంతలోకి పట్టుకునే ఇంటికి అసలే పనికిరాదు. మన ఎండకూ మన రేకులకూ జి.ఐ. రేకు, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకు పట్టీ సరిపోతుంది.

ముందు, కారేది నిజంగా అక్కడేనా?

సగం ఇళ్ళల్లో తప్పు ఇక్కడే మొదలవుతుంది. గోడ వెంబడి నీళ్ళు దిగుతున్నాయంటే నాలుగు కారణాలు ఉండొచ్చు: గోడకూ రేకుకూ మధ్య సందు, గోడ పక్కనున్న హుక్కు రంధ్రం, రేకు మీద రేకు ఎక్కిన జాయింటు, లేదా సందుకు పైనున్న గోడే నీళ్ళు తాగడం. గిలాబు లేని ఇటుక గోడ ముసురుకు రెండు రోజులు నానితే నీరు గోడ లోపలి నుంచే దిగుతుంది. అప్పుడు ఎంత మంచి పట్టీ వేసినా దాని వెనక నుంచి వచ్చేస్తుంది.

ఎండ ఉన్న రోజు పైపుతో పరీక్ష చేయండి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. నీళ్ళు ఎప్పుడూ కింది నుంచి పైకి పట్టుకుంటూ పోవాలి. ముందు సందుకు రెండడుగుల కిందుగా రేకు మీద పది నిమిషాలు. కారకపోతే సందు దగ్గర పది నిమిషాలు. అప్పుడూ కారకపోతే సందుకు పైన గోడ మీద పావుగంట. ఎక్కడ పట్టినప్పుడు కారిందో అదే కారణం. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నిచోట్లా పారి ఏమీ తేలదు.

గోడే తాగుతోందని తేలితే ముందు గిలాబు, బయటి రంగు చూసుకోండి, పిట్టగోడ నెత్తిన పగుళ్ళు పూడ్చండి. ఆ తర్వాతే పట్టీ.

ఇంకో సంగతి. రేకుల వాలు గోడవైపే ఉండి నీళ్ళన్నీ గోడ మొదట్లోకే జారుతుంటే దానికి పట్టీ పరిష్కారం కాదు. అక్కడ గట్టరు పెట్టాలి, లేదా వాలు తిప్పాలి.

ఎప్పుడు చేయాలి

రోహిణి కార్తె ముగిసేలోపు, అంటే మే నెలలోనే పూర్తిచేయండి. మృగశిర మొదలయ్యేది జూన్ 7, 8 తేదీల్లో. ఆ తర్వాత గోడ పొడిగా దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఎండ మండే రోజులు కాబట్టి ఉదయం 6 నుంచి 10 వరకే పైన పని పెట్టుకోండి. మధ్యాహ్నం ఇనుప రేకు మీద చెయ్యి ఆనదు, సీలెంటు (సందులు మూసే రబ్బరు జిగురు) కూడా సరిగా కుదురుకోదు. ఇద్దరు మనుషులకు 20 అడుగుల గోడ రెండు పూటల పని.

కావలసినవి, 20 అడుగుల గోడకు

4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న సాదా జి.ఐ. రేకు ఒకటి, మందం అర మిల్లీమీటరు. షాపులో గేజుల్లో చెప్తారు. 26 గేజు అంటూ ఒక్కో చోట ఒక్కో మందం ఇస్తారు, అందుకని మిల్లీమీటర్లలోనే అడగండి. జింకు పూత 120 జి.ఎస్.ఎం.కు (చదరపు మీటరుకు 120 గ్రాములకు) తగ్గకూడదు. రేకు బరువు దాదాపు పదకొండున్నర కిలోలు రావాలి. తొమ్మిది కిలోలే తూగితే అది పలచన రేకు, గాలికి తపతప కొట్టుకుంటుంది.

సీలెంటు గొట్టాలు 300 మిల్లీలీటర్లవి రెండు. పాలీయురేథేన్ సీలెంటు అయితే మేలు, పైన రంగు వేసుకోవచ్చు. సిలికానే దొరికితే న్యూట్రల్ రకం తీసుకోండి. మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన కొట్టే సిలికాన్ అద్దాలకు పనికొస్తుంది గానీ దీనికి పనికిరాదు. అది సిమెంటును పట్టుకోదు, జింకు పూతను తినేస్తుంది. పట్టీ పని చెడిపోయిన ఇళ్ళల్లో తరచుగా కనిపించే తప్పు ఇదే.

పట్టీ దిగడానికి గోడలో కోసే గాడిలో నింపడానికి 10 మిల్లీమీటర్ల ఫోము తాడు 20 అడుగులు. కోసిన అంచులకు జింకు పెయింటు చిన్న డబ్బా. తల గోడ (రేకుల వాలు మొదలయ్యే పై చివర ఆనే గోడ) అయితే మీ రేకు అలకు సరిపోయే ఫోము పట్టీలు. వాలు వెంబడి పక్కన ఆనేది పక్క గోడ.

పనిముట్లు: నాలుగంగుళాల కటింగ్ మిషను, గోడ కోసే డైమండ్ బ్లేడు, రేకు కత్తెర, చెక్క సుత్తి, చిన్న ఉలి, టేపు, రంగు దారం, సీలెంటు గన్ను, గుడ్డలు, బ్రష్షు. కళ్ళద్దాలు, మాస్కు, చేతి తొడుగులు ఉండాల్సిందే. రేకు అంచు బ్లేడులా కోస్తుంది.

కొలత: 16 అంగుళాల లెక్క

నాలుగడుగుల వెడల్పును మూడుగా కోస్తే ఒక్కోటి 16 అంగుళాలు. 8 అడుగుల పట్టీలు మూడు, వృథా లేదు. ఆ 16 అంగుళాలు ఇలా పోతాయి:

గోడ గాడిలోకి తోక 1 అంగుళం. గోడను ఆనుకుని నిలువు రెక్క 6 అంగుళాలు. రేకు మీద పడక రెక్క ఎనిమిదిన్నర అంగుళాలు. చివర కిందికి మడత అర అంగుళం.

నిలువు రెక్క ఆరంగుళాలు ఎందుకంటే వాన కింద పడి ఊరుకోదు, ఎగిరి చిందుతుంది. 150 చదరపు అడుగుల షెడ్డు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే అది దాదాపు 1,400 లీటర్ల నీరు. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే 649.8 మిల్లీమీటర్లు పడింది. మూడు అంగుళాల పట్టీ ఇలాంటి వానలకు ఆగదు. వాలు తక్కువగా ఉంటే, అంటే ఐదడుగులకు అడుగు కంటే తక్కువ దిగుతుంటే, నిలువు రెక్కను 8 అంగుళాలు చేయండి. అప్పుడు పట్టీ వెడల్పు 18 అంగుళాలు అవుతుంది, రేకు లెక్క మారుతుంది, ముందే చూసుకోండి.

పడక రెక్క ఎనిమిదిన్నర అంగుళాలు ఎందుకంటే సిమెంటు రేకులో మిట్ట నుంచి మిట్టకు 146 మిల్లీమీటర్లు. గోడ పక్కనున్న మిట్టను పూర్తిగా దాటి అవతలి పల్లంలోకి అంచు దిగాలంటే ఈ వెడల్పు కావాలి. మిట్ట మీదే ఆగిపోతే నీళ్ళు రెండువైపులా పారతాయి, ఒకవైపు మీ గోడ.

ఒక పట్టీ మీద ఇంకోటి 6 అంగుళాలు ఎక్కాలి. 8 అడుగుల పట్టీ రెండు వేస్తే పదిహేనున్నర అడుగులు. మూడోదాన్ని 5 అడుగులకు కోస్తే 20 అడుగులు నిండుతుంది. మిగిలిన 3 అడుగుల ముక్కను పారేయకండి. దాన్ని 2 అంగుళాల వెడల్పున కోస్తే పట్టీ అంచు లేవకుండా పట్టుకునే క్లిప్పులు, 16 అంగుళాల పొడవున్నవి, 18 వస్తాయి. అడుగున్నరకు ఒకటి చొప్పున మీకు కావలసింది 14.

మడతలు చేత్తో వేయొద్దు, వంకర పోతాయి. కూలర్ బాడీలు, ట్రంకు పెట్టెలు చేసే షాపులో మడిచే మిషను ఉంటుంది, పావుగంట పని. పక్క గోడ అయితే రెక్కల మధ్య కోణం సరిగ్గా మూలమట్టం. తల గోడ అయితే కోణం మీ వాలును బట్టి ఉంటుంది. అట్టముక్కను గోడకూ రేకుకూ ఆనించి ఆ కోణం కోసుకుని షాపుకు పట్టుకెళ్ళండి. చివరి అర అంగుళాన్ని కింది నుంచి వెనక్కి మడిచి నొక్కించండి. రేకు గట్టిపడుతుంది, చెయ్యి కోసుకోదు, కోతికి పట్టు దొరకదు.

ఎక్కేముందు

సిమెంటు రేకు మీద కాలు పెట్టొద్దు. పాతదైతే మరీ ప్రమాదం, పైకి గట్టిగా కనిపించి ఒక్కసారిగా విరిగిపోతుంది. కింద రేకులను మోసే ఇనుప పైపులు ఎక్కడున్నాయో చూసి, రెండు పైపుల మీదా ఆనేలా మందపాటి చెక్క పలక పరిచి దాని మీదే కూర్చోండి. వీలైతే నిచ్చెన మీంచే చేయండి. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు అడుగు దూరంగా ఉండాలి, కింద ఒకరు పట్టుకోవాలి.

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాన్ని మిషనుతో కోయొద్దు, రంధ్రాలు వేయొద్దు, నాచును పొడిగా ఇనుప బ్రష్షుతో గీకొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. తుడవాలంటే తడి గుడ్డతో తుడవండి. ఈ పద్ధతిలో సిమెంటు రేకుకు ఒక్క రంధ్రమూ పెట్టనక్కర్లేదు.

గోడ అవతలి వైపు స్విచ్ బోర్డు ఉందేమో, గోడలో వైర్ల పైపు పోతోందేమో చూసుకోండి. గాడి కోసేచోటు దానికి దగ్గరగా ఉంటే మెయిన్ ఆపి, మిషనుకు పక్కింటి నుంచి కరెంటు తెచ్చుకోండి. షెడ్డు మీదుగా సర్వీసు వైరు పోతుంటే పొడవాటి రేకు పైకెత్తేటప్పుడు జాగ్రత్త.

పని

1. పాత పూత తీయండి. పగిలిన సిమెంటును ఉలితో చిన్నగా కొట్టి తీయండి, ఉలి గోడవైపు వాల్చి పట్టండి. ఇనుప రేకు మీదిది సులభంగా ఊడుతుంది. సిమెంటు రేకుకు గట్టిగా పట్టిన ముక్కను బలవంతంగా లాగితే రేకే విరుగుతుంది. దాన్ని అలాగే వదిలేసి పైనుంచి పట్టీ కప్పేయండి. పాత తారు, ఎం-సీలు ముక్కలు గోడ మీద ఉంటే గీకేయండి.

2. గీత కొట్టండి. రేకు మిట్ట నుంచి గోడ మీద ఆరంగుళాలు పైకి కొలిచి రెండు చివరలా గుర్తుపెట్టి రంగు దారంతో గీత కొట్టండి. పక్క గోడకు ఈ గీత రేకుల వాలుకు సమాంతరంగా ఏటవాలుగా పోతుంది. దానికి 8 నుంచి 10 మిల్లీమీటర్ల పైన, పెన్సిలు మందమంత దూరంలో, రెండో గీత. గీత పొడవునా గిలాబును వేలితో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ గిలాబు గోడను వదిలేసింది. అంతమేర కొట్టేసి కొత్తగా వేసి, ఆరాక గాడి కోయండి.

3. గాడి కోయండి. రెండు గీతల మీదా మిషనుతో కోసి మధ్య భాగాన్ని ఉలితో తీయండి. లోతు ఒకటింపావు అంగుళం. గిలాబు దాటి ఇటుకలోకి కనీసం అర అంగుళం దిగాలి. గిలాబులోనే ఆగిన గాడి పనిచేయదు: పైన గోడ మీద జారే నీళ్ళు గిలాబు వెనక దారి చేసుకుని పట్టీని తప్పించుకుని దిగుతాయి. లోపలికి పోయేకొద్దీ గాడి కొంచెం పైకి వాలి ఉంటే మరీ మంచిది. నాలుగున్నర అంగుళాల గోడలో ఇంతకంటే లోతు పోకండి.

గోడ ఏ రకమో ఇక్కడ చూసుకోవాలి. ఎర్ర ఇటుకకూ ఫ్లైయాష్ ఇటుకకూ ఇదే పద్ధతి. డొల్ల సిమెంటు బ్లాకులైతే గోడ పెంకు పలచన, అంత లోతు గాడి కోస్తే లోపలి డొల్లలోకి తెరుచుకుంటుంది. రాతి గోడలో తిన్నటి గాడి కుదరదు. ఈ రెండింటికీ గాడి వద్దు. పట్టీ పై అంచును గోడకు ఎడంగా పావు అంగుళం బయటికి వంచి, అంగుళం వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందమున్న అల్యూమినియం బద్దను దాని కిందుగా అదిమిపెట్టి, 9 అంగుళాలకో స్క్రూ చొప్పున ప్లగ్గులతో బిగించండి. పై అంచు దగ్గర ఏర్పడిన చిన్న కాలువను సీలెంటుతో నింపండి. గాడిలో దిగిన పట్టీ అంత కాలం ఇది రాదు, ఏటా చూసుకోవాలి.

మట్టి గోడ అయితే కోయనూ వద్దు, స్క్రూలూ వద్దు. పాత పెంకుటింటికి ఆనుకుని షెడ్డు దించేవాళ్ళు రేకులను ఆ పెంకుల చూరు కిందికి ఒక అడుగు జొనిపితే చాలు, చూరే పట్టీ పని చేస్తుంది.

4. గాడి శుభ్రం చేయండి. బ్రష్షుతో దుమ్మంతా తీసి, తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. దుమ్ము మీద వేసిన సీలెంటు దుమ్మునే పట్టుకుంటుంది, గోడను కాదు.

5. కోసిన అంచులన్నిటికీ జింకు పెయింటు వేయండి. జింకు పూత లేని అంచు నుంచే తుప్పు మొదలవుతుంది. జి.ఐ. బదులు అల్యూమినియం వాడుతూ గాడిలో సిమెంటు నింపాలనుకుంటే, గాడిలో దిగే తోకకు నల్లటి బిటుమెన్ పెయింటు తప్పనిసరి. తడి సిమెంటు అల్యూమినియాన్ని తినేస్తుంది.

6. తల గోడ అయితే రేకు అలల కింద ఫోము పెట్టండి. మిట్టల కిందుగా గాలి వాన లోపలికి కొడుతుంది, ఉడుతలు, పిచ్చుకలు దూరతాయి. ఇక్కడ సిమెంటు కుక్కొద్దు, మళ్ళీ అదే కథ. ఇనుప రేకులైతే పల్లాల చివరలను శ్రావణంతో అంగుళంపాటు పైకి మడవండి. గాలికి వెనక్కి తోసుకొచ్చే నీరు అక్కడే ఆగుతుంది. పక్క గోడకు ఈ మెట్టు లేదు.

7. క్లిప్పులు పెట్టండి. అడుగున్నరకు ఒకటి. ఒక చివర అర అంగుళం గాడిలోకి, తర్వాత గోడ వెంబడి కిందికి, రేకు మీదికి. రెండో చివర ఒక అంగుళం పట్టీ కింద నుంచి బయటికి వచ్చేలా ఉండాలి.

8. పట్టీలు వేయండి, కింది నుంచి పైకి. పక్క గోడకు మొదటి ముక్క వాలు దిగువన పెట్టి, దాని మీద ఆరంగుళాలు ఎక్కేలా పై ముక్క రావాలి, పెంకులు కప్పినట్టు. తిరగేసి వేస్తే ప్రతి జాయింటూ నీళ్ళు పట్టే దోసిలి అవుతుంది. దిగువ చివర రేకు అంచు దాటి రెండు అంగుళాలు బయటికి ఉండాలి. తోకను గాడిలోకి పూర్తిగా నెట్టండి. జాయింట్ల మధ్య సీలెంటు వేయనక్కర్లేదు, ఆరంగుళాలు ఎక్కితే చాలు.

9. ఆప్పులు కొట్టండి. మిగిలిన రేకు తుంపును రెండు మూడు మడతలు పెట్టి, అడుగున్నరకొకటి చొప్పున గాడిలో పట్టీ తోకకు పైన పెట్టి ఉలి వెనకవైపుతో లోపలికి కొట్టండి. పట్టీని చేత్తో లాగితే రాకూడదు. సీలెంటు పట్టీని మోయదు, ఆప్పులే మోస్తాయి.

10. క్లిప్పుల చివరలను పట్టీ అంచు మీదికి మడిచి చెక్క సుత్తితో నెమ్మదిగా అదమండి. అంచు లేవకుండా పట్టుకోవాలి, బిగించకూడదు. పట్టీని వేళ్ళతో అటూ ఇటూ తోస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు జరగాలి.

కోతుల బెడద ఉన్న వీధుల్లో క్లిప్పులను అడుగుకొకటి చేయండి. ఇనుప రేకుల మీద స్క్రూలు కూడా వేయాలనుకుంటే మిట్ట మీదే, రెండడుగులకొకటి. పట్టీలో రంధ్రాన్ని గుండ్రంగా కాక పొడవుగా 10 మిల్లీమీటర్లు చేసి, పెద్ద రబ్బరు వాషరు వేసి వదులుగా బిగించండి. పల్లంలో స్క్రూ కొడితే మీరే కొత్తగా కారే చోటు తయారుచేసినట్టు.

11. మూల సరిచేయండి. పక్క గోడ, తల గోడ కలిసే మూల ఉంటే ముందు పక్క పట్టీ, దాని మీద తల పట్టీ. పక్క పట్టీని నాలుగు అంగుళాలు ఎక్కువ ఉంచి మూల చుట్టూ తల గోడ మీదికి మడవండి. మూల దగ్గర రేకును చీల్చి సీలెంటుతో నింపడం సుతారులకు అలవాటు. ఆ చీలిక కిందివైపు ఉంటే పర్లేదు, నిలువు రెక్కలో ఉంటే ఖాయంగా కారుతుంది. పని చేసేటప్పుడు దగ్గర ఉండి చూడాల్సిన చోటు ఇదొక్కటే అనుకున్నా తప్పులేదు.

12. గాడి మూయండి. ఫోము తాడును గాడిలోకి నొక్కి పైన 10 మిల్లీమీటర్ల లోతు మిగల్చండి. గన్నుతో సీలెంటు ఆపకుండా నింపి, సబ్బు నీటిలో ముంచిన వేలితో నున్నగా, బయటికి వాలేలా తీర్చండి. ఒక గొట్టం పది, పన్నెండు అడుగులు వస్తుంది. పదిహేను అడుగులు వచ్చిందంటే పలచగా వేశారు. 24 గంటలు తడి తగలనివ్వొద్దు.

సీలెంటు బదులు సిమెంటుతోనూ మూయొచ్చు. ఇది గోడవైపు, కదలని వైపు, కాబట్టి సిమెంటు ఇక్కడ చెల్లుతుంది. ఫోము తాడు వద్దు. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు జల్లెడ పట్టిన సన్న ఇసుక, గాడి తడిపి గట్టిగా కూరండి. మే ఎండకు పొద్దునే వేసింది మధ్యాహ్నానికే పగిలిపోతుంది, అందుకని తడి గోనె సంచి వేలాడదీసి వారం రోజులు మూడు పూటలా తడపండి. అంత ఓపిక లేకపోతే సీలెంటే వేయండి.

సరిగా వచ్చిందా?

మొదట చేసిన పైపు పరీక్షనే మళ్ళీ, అదే వరసలో చేయండి. ఈసారి సందు దగ్గర, గోడ మీద పావుగంట చొప్పున. లోపల గోడ వెంబడి పాత దినపత్రికను టేపుతో అంటించండి; కంటికి కనపడని చెమ్మ కూడా కాగితం మీద మరకై తేలుతుంది. జాయింట్ల కింద, మూల కింద ప్రత్యేకంగా చూడండి.

మొదటి వానకు కారలేదని సంబరపడొద్దు. అసలు పరీక్ష రెండు మూడు రోజులు విడవకుండా పట్టే ముసురు. అప్పుడు కూడా కాగితం పొడిగా ఉంటే పని నిలిచింది. కారితే, ఎలా కారుతోందో చూస్తే తప్పు తెలిసిపోతుంది:

వాన మొదలైన ఐదు నిమిషాలకే కారితే మూలో, తిరగేసి వేసిన జాయింటో. గాలి వీచినప్పుడే కారితే అంచు లేస్తోంది, క్లిప్పులు పెంచాలి; లేదా తల గోడలో ఫోము జారిపోయింది. వాన ఆగిన గంటకు మొదలై చాలాసేపు ఊరితే గోడ తాగుతోంది లేదా గాడి గిలాబులోనే ఆగింది. ఒక్కచోటే బొట్లు బొట్లుగా పడితే హుక్కు వాషరు పోయింది, పట్టీకి సంబంధం లేదు. చలికాలం ఉదయం వాన లేకున్నా ఇనుప రేకు కింద తడి కనిపిస్తే అది రాత్రి పట్టిన మంచు చెమ్మ, కారడం కాదు.

ముసురు పట్టి ఉండగానే ఇంట్లోకి నీళ్ళొస్తుంటే

అప్పుడు గోడ కోయొద్దు. తడి గోడకు ఏదీ అంటదు, తడి రేకు మీద కాలు జారుతుంది. వాన తెరిపిచ్చిన పూట సందు మీద మందపాటి టార్పాలిన్ కప్పి, పై అంచును గోడకు చెక్క బద్దతో మేకులు కొట్టి ఆపండి. ఇటుకలు పెట్టాల్సి వస్తే సిమెంటు రేకు మధ్యలో కాక కింద పైపు ఉన్నచోట పెట్టండి. ఒక రోజు ఎండ కాస్తే అల్యూమినియం పూత ఉన్న తారు టేపు, ఆరంగుళాల వెడల్పుది, మూడంగుళాలు గోడ మీద, మూడు రేకు మీద అంటించొచ్చు. అంటించేచోటు పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి, పైనుంచి గుడ్డతో గట్టిగా రుద్దాలి. అది ఆ సీజను గట్టెక్కించడానికే. వచ్చే మే నెలలో దాన్ని పీకేసి పట్టీ వేయండి.

ఏటా మృగశిరకు ముందు

పట్టీ పైన, పల్లాల్లో పేరుకున్న వేపాకు, చింతాకు తీసేయండి. ఆకు కుళ్ళిన చోట నీళ్ళు నిలిచి వెనక్కి ఎక్కుతాయి. క్లిప్పులు లేచాయేమో అదమండి. సీలెంటును బొటనవేలి గోటితో నొక్కండి. రబ్బరులా వెనక్కి వస్తే బాగుంది. గీత పడి అలాగే ఉండిపోయినా, గోడ నుంచి సన్నగా విడిపోయినా ఆ మేరకు కోసి తీసి కొత్తది నింపండి. పాతదాని మీదే ఇంకో పొర పూస్తే అది పాతదానితో పాటే ఊడి వస్తుంది. తెల్లటి పొడి కనిపిస్తే జింకు అరుగుతోందని గుర్తు, ఎర్రమరక కనిపిస్తే తుప్పు మొదలైనట్టు. ఎర్రమరకను గరుకు కాగితంతో రుద్ది రెండు చేతులు జింకు పెయింటు వేయండి.